మన కొండను ఏ పలక గుద్దింది?

పోయిన వారం రాత్రి భోజనాలయ్యాక సాంఘిక శాస్త్రం పుస్తకం ముందేసుకుని కూర్చున్న మా అమ్మాయి ఉన్నట్టుండి తలెత్తి, "నాన్నా, హిమాలయాలు రెండు పలకలు గుద్దుకుంటే పుట్టినాయంట కదా, మరి మన కొండను ఏ పలక వచ్చి గుద్దింది?" అని అడిగింది. తిరుపతిలో మన కొండ అంటే ఏ కొండో వేరే చెప్పనక్కర్లేదు. మా మేడ మీదికెక్కితే ఉత్తరాన అడ్డంగా గోడ కట్టినట్టు కనిపించే శేషాచలం అంచు అది. "ఏదీ గుద్దలేదు పాపా" అని అప్పటికి సరిపెట్టాను గాని, ఆ జవాబు సగమే నిజమన్న సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. గుద్దకపోయినా ఆ కొండ పుట్టుకలో పలకల చేయి ఉంది. ఆ మిగతా సగం జవాబును ఆదివారం కొండ దగ్గరే నిలబడి చెప్పడానికి ప్రయత్నించాను. అక్కడ చెప్పిందీ, చెప్పబోయి తడబడిందీ కలిపి ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహను తీసెయ్యాలి. భూమి పైపొర ముక్కలు ముక్కలుగా ఉండి, కింద కుతకుతలాడే లావా మీద తెప్పల్లాగా తేలుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ కాలేజీ రోజుల దాకా అలాగే అనుకున్నాను. నిజానికి భూపటలం కింద ఉన్న ప్రావారం దాదాపు అంతా ఘన పదార్థమే. కాకపోతే అది తారు లాంటి ఘనం. చల్లటి తారుగడ్డను సుత్తితో కొడితే పగులుతుంది, అదే గడ్డను మే నెల ఎండలో వదిలేస్తే సాయంత్రానికి మెల్లగా చదునవుతుంది. లోపలి వేడికీ, పైనున్న బరువుకీ ప్రావారపు రాయి కూడా లక్షల ఏళ్ల మీద అలా జారుతుంది. దాని పైభాగంలోని గట్టి పొరా, దాని మీది భూపటలమూ కలిసిన సుమారు 100 కిలోమీటర్ల మందపు శిలావరణమే పలకలుగా విడిపోయి ఉంది. పెద్దవి ఏడు, చిన్నవి ఎన్నో. పలక అంటే ఖండం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మనం ఉన్న పలక మీద భారతదేశపు నేలతో పాటు హిందూ మహాసముద్రపు అడుగు కూడా చాలా దూరం ఉంది.

ఈ పలకలను కదిలించేదేమిటంటే పుస్తకాలు సాధారణంగా సంవహన ప్రవాహాల (వేడెక్కిన రాయి పైకి లేచి, చల్లారినది కిందికి దిగే చక్రాల) బొమ్మ గీసి, బాణాలు పెట్టి వదిలేస్తాయి. ఆ బొమ్మ తప్పు కాదు గాని, అసలు బలం ఎక్కడుందో అది చూపదు. సముద్రం నడుమ శిఖరాల వరసల దగ్గర కొత్తగా పుట్టిన సముద్రపు అడుగు మొదట వేడిగా, తేలిగ్గా ఉంటుంది. కోట్ల ఏళ్లు పక్కకు జరుగుతూ పోయేసరికి చల్లబడి, బరువెక్కి, చివరికి మరో పలక కిందికి దూరి ప్రావారంలోకి దిగిపోతుంది. దండెం మీద ఆరేసిన తడి చీర ఒక పక్కకు ఎక్కువగా వేలాడితే, ఆ బరువుకు మిగతా చీర కూడా అటే జారిపోతుంది కదా. మునిగిపోయే అంచు వెనకున్న పలకను లాగేది కూడా అలాగే. పలకలను నడిపే బలాల్లో దీనిదే పెద్ద వాటా అని నేటి శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అంటారు. సముద్రపు అడుగు ఇలా పుడుతూ మునుగుతూ ఉండటం వల్లనే ఏ మహాసముద్రంలోనూ దాదాపు 20 కోట్ల ఏళ్లకు మించిన వయసున్న అడుగు పెద్దగా మిగలలేదు. ఖండాల రాయి తేలిక కాబట్టి మునగదు. దాని మీద 200 కోట్లు, 300 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు కూడా నిలిచి ఉంటాయి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఊళ్లు ఉన్నది అలాంటి మునగని ముసలి నేల మీద, ధార్వార్ అనే ప్రాచీన ఖండపు ముక్క తూర్పు భాగంలో.

ఇప్పుడు కొండ దగ్గరికి వస్తాను. తిరుపతి చుట్టుపక్కల మైదానంలో, కొండ పాదం దగ్గర కనిపించేవి గ్రానైటు బండలు. ఎండకూ వానకూ మూలలు అరిగి గుండ్రంగా మారిన ఆ రాళ్లను మనవాళ్లు గుండ్లు అంటారు. ఆ బండ మీదికి వంగి చూస్తే తెల్లటి, లేత గులాబీ రంగు పలుకులు, మధ్యలో నల్లటి అభ్రకపు చుక్కలు కలగలిసి కనిపిస్తాయి. తల పైకెత్తి కొండ అంచును చూస్తే మాత్రం వేరే రాయి. అక్కడ గుండ్లు లేవు. పొర మీద పొర పేర్చినట్టు, అట్టల దొంతరలాగా నిలువుగా తెగిన చరియలు ఉంటాయి. అది క్వార్ట్‌జైటు, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి, ఆ తరువాత రేణువుకు రేణువు అతుక్కుపోయి ఏర్పడిన రాయి. భూవిజ్ఞానులు దానికి మన నగరి పేరే పెట్టి నగరి క్వార్ట్‌జైటు అంటారు. సముద్రం మీద వెళ్లే ఓడలవాళ్లకు కూడా ఆనవాలుగా ఉండేదని చెప్పే నగరి ముక్కు కొండ ఉన్న నగరే అది. ఇది కూడా చేరే కడప ప్రాంతపు పాత రాతి పొరల గురించి మొదటి పెద్ద వివరణ రాసింది భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్, 1872లో.

కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు. ఈ రెండూ కలిసే గీత దగ్గరే అసలు కథ ఉంది. గ్రానైటు భూమి పైన పుట్టదు. కరిగిన రాయి కొన్ని కిలోమీటర్ల లోతున మెల్లగా, చాలా మెల్లగా చల్లారితేనే ఆ పలుకులు కంటికి కనిపించేంత పెద్దవవుతాయి. ఇసుక అందుకు పూర్తిగా వ్యతిరేకం. అది నేల పైన, గాలీ నీరూ తగిలే చోటనే పేరుకుంటుంది. అంటే, లోతున పుట్టిన గ్రానైటు మీద ఇసుక నేరుగా కూర్చోవాలంటే, ముందు ఆ గ్రానైటు మీదున్న కిలోమీటర్ల మందపు రాయి అంతా అరిగి కొట్టుకుపోయి, గ్రానైటు ఎండను చూడాలి. సర్వేక్షణ సంస్థ చెప్పే లెక్క ప్రకారం కింది గ్రానైటు వయసు 210 కోట్ల ఏళ్లకు పైమాట, పైనున్న క్వార్ట్‌జైటు వయసు సుమారు 160 కోట్ల ఏళ్లు. మధ్యలో 50 కోట్ల ఏళ్లకు రాతిలో లెక్క లేదు. చేపలు, చెట్లు, డైనోసార్లు, మనుషులు అందరి చరిత్రా దాదాపు అంత కాలంలో ఇమిడిపోతుంది. ఇంత కాలాన్ని ఒక్క గీత మింగేసింది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అనే పేరుతో సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఘాట్ రోడ్డు వేయడానికి కోసిన చోట్లా, నిటారు వాలుల్లో, వాగులు తవ్విన చోట్లా ఈ గీత కనిపిస్తుంది. లక్షల మంది దాని పక్కనుంచే గోవింద నామం చెప్పుకుంటూ వెళ్తారు. నేనూ చిన్నప్పటి నుంచీ అలా వెళ్లినవాణ్నే, కిటికీ పక్క సీటు కోసం తమ్ముడితో తగవులాడటం తప్ప రాయి వంక చూసింది లేదు.

కిలోమీటర్ల మందపు రాయి అరిగిపోయిందంటే నమ్మడానికి మనసు ఒప్పదు. పైపైన చూస్తే, గాలివానకు కొండ ఎంత అరిగినా కొంత ఎత్తు తగ్గాక ఆగిపోవాలి కదా అనిపిస్తుంది. అది ఆగకపోవడానికి కారణం భూపటలం కింది నుంచి తేలుతూ ఉండటమే. పడవలోంచి సరుకు దించేకొద్దీ పడవ కాస్త కాస్త పైకి లేచినట్టు, పైన రాయి అరిగేకొద్దీ ఖండపు వేరు, అంటే లోతుకు దిగిన దాని మందపు అడుగు భాగం, కింది నుంచి పైకి తేలుతుంది. కొత్తగా పైకొచ్చిన రాయి మళ్లీ అరుగుతుంది. ఖండాల కింద భూపటలం మందం మామూలుగా 35 నుంచి 40 కిలోమీటర్లు ఉంటే, టిబెట్ కింద 70 కిలోమీటర్ల దాకా ఉండటం ఈ లెక్కకే చెందుతుంది. పలకలు గుద్దుకుని మందం పెంచిన ప్రతి కొండా అరుగుతూ, తేలుతూ, చివరికి తన లోపలి గ్రానైటును బయటపెడుతుంది. హిమాలయాలకూ ఆ రోజు వస్తుంది. మనకు అది 200 కోట్ల ఏళ్ల నాడే వచ్చేసింది. అందుకే మా అమ్మాయికి చెప్పిన "ఏదీ గుద్దలేదు" అన్న మాటను కొంచెం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కొండ పాదం దగ్గరున్న గ్రానైటు పుట్టిన నాటి తాకిడులు నిజమే. కుప్పం దగ్గర చిగురుకుంట, బిసానత్తం మీదుగా కోలారుకు పోయే బంగారు రాళ్ల పట్టీని కూడా రెండు పాత ఖండపు ముక్కలు అతుక్కున్న కుట్టుగా చాలామంది భూవిజ్ఞానులు చదువుతారు. అయితే అది కొండ పుట్టకముందు, ఇసుకైనా పడకముందు సంగతి.

ఇక ఇసుక సంగతి. అరిగి చదునైన ఆ గ్రానైటు నేల ఆ తరువాత కుంగడం మొదలుపెట్టింది. ఎందుకు కుంగిందన్న దాని మీద పండితులందరిదీ ఒకే మాట కాదు. కానీ భూపటలం సాగి, పలచబడి, వంగిందన్నది ఎక్కువగా వినిపించే కారణం. చపాతీ ముద్దను రెండు చేతులతో పక్కలకు లాగితే నడుమ పలచబడినట్టు, పలకలోని లాగుడుకు భూపటలం పలచబడితే ఆ చోటు పల్లమవుతుంది, పగుళ్లలోంచి కింది కరిగిన రాయి పైకి ఎగదన్నుతుంది. పులివెందుల ప్రాంతంలో పాత పొరల మధ్యకు చొచ్చుకుపోయి గడ్డకట్టిన నల్లటి అగ్నిశిలలు ఆ రోజుల సాక్ష్యాలే. వాటి వయసు సుమారు 188 కోట్ల ఏళ్లుగా తేల్చారు. అలా ఏర్పడిన పల్లమే కడప బేసిన్. నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఆ పల్లంలోకి నదులు, లోతు తక్కువ సముద్రాలు ఇసుకా బురదా సున్నమూ తెచ్చి పోశాయి. పోసేకొద్దీ ఆ బరువుకే అది ఇంకా కుంగింది. తిరుమల కొండ దాని దక్షిణపు అంచు.

ఆదివారం నాడు కొండ కింద, పైనుంచి ఎప్పుడో జారి పడిన ఒక క్వార్ట్‌జైటు పలక దగ్గర ఆగాం. పెద్దదేమీ కాదు, మడత మంచం పాటి ఉంటుంది. దాని మీద వరసగా, వేలు మందాన, దగ్గర దగ్గరగా అలల గీతలు ఉన్నాయి. ఒక్కో గీతా ఒక పక్క వాలుగా, ఇంకో పక్క నిటారుగా ఉంది. మా అమ్మాయి వాటి మీద అరచేయి ఆనించి అటూ ఇటూ నడిపింది; ఒక వైపుకు నున్నగా జారింది, రెండో వైపుకు వేళ్లకు తగులుకుంది. మైపాడు బీచిలో నీళ్లు తీసిన తరువాత కాళ్ల కింద తగిలే ఇసుక గీతలు ఇవే కదా అని తనే అంది. అవే. నీరు ఏ వైపు నుంచి ఏ వైపుకు పారిందో కూడా ఆ వాలును బట్టి చెప్పొచ్చు. ఆ నీటిలో చేప లేదు, ఒడ్డున గడ్డిపోచ లేదు; ఉన్నదల్లా కంటికి కనిపించని సూక్ష్మజీవులే. ఆ పక్కనే ఇంకో ముక్కలో గులకరాళ్లు అతుక్కుని ఉన్నాయి, నిమ్మకాయంత, కోడిగుడ్డంత. ఇసుక పొరల్లో అన్నిటికన్నా అడుగున, గ్రానైటు నేల మీద మొదట పడే సరుకు సాధారణంగా ఇలాగే ఉంటుంది. రాయి చల్లగా ఉంది. ఎండ అప్పటికి ఇంకా ఆ పక్కకు రాలేదు.

గుద్దుకోవడం కావాలంటే కడప బేసిన్‌కు తూర్పు పక్కకు పోవాలి. అక్కడ నల్లమల, వెలికొండల వరసల్లో ఇవే తరహా రాళ్లు చాపను ఒక అంచు నుంచి నెట్టినట్టు ముడతలు పడి, కొన్ని చోట్ల ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కూర్చున్నాయి. తూర్పు దిక్కు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ పక్క నలిగితే, పడమటి, దక్షిణపు అంచులు చాలా వరకూ చెక్కుచెదరలేదు. అందుకే తిరుమల చరియల్లో పొరలు దాదాపు పడుకోబెట్టినట్టు ఉంటాయి. మా అమ్మాయి ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు కావాలంటే అది ఇదే: మన కొండ గుద్దుడుకు లేచింది కాదు, కుంగిన పల్లంలో పేరుకున్న ఇసుక. తరువాత ద్వీపకల్పం మొత్తంగా కొంత పైకి లేస్తే, చుట్టూ ఉన్న మెత్తటి రాయీ, పగుళ్లు పడ్డ రాయీ కొట్టుకుపోయి, అరగని క్వార్ట్‌జైటు మాత్రం సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన నిలబడింది. తలకోన, కైలాసకోనల్లో నీళ్లు నిటారుగా దూకడానికి ఈ గట్టి పొరలే కారణం. కొండ మీది శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే. బలహీనమైన భాగం గాలికీ నీటికీ పోగా మిగిలిన వంపు అది. ఆ రాయి గట్టిదే గాని నిలువు పగుళ్లు ఎక్కువ. 2021 నవంబరు, డిసెంబరు వానలకు ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడటం ఆ నిలువు పగుళ్లలోకి నీరు దిగినందువల్లే కావచ్చు.

చిత్తూరు వైపు క్వారీల్లో తీసే నల్లరాయి గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, అది మళ్లీ ఇంకో టపా అవుతుంది. గుమ్మాలకూ వంటింటి గట్టులకూ వాడే ఆ రాయిని బజారులో బ్లాక్ గ్రానైట్ అంటారు గాని, అది గ్రానైటు కానే కాదు, డాలరైటు. భూపటలం లాగుడుకు చీలినప్పుడు ఆ చీలికల్లో నిలువు గోడల్లాగా గడ్డకట్టిన కరిగిన రాయి. చాలావాటి వయసు 180 నుంచి 240 కోట్ల ఏళ్ల మధ్యన తేలింది. మా వంటింట్లో దోసెలు పోసే గట్టు కూడా అదే, మా ఆవిడకు ఈ విషయం చెప్పినప్పుడు "మరకలు పడితే పోతాయా పోవా, అది చెప్పండి" అంది.

మన జిల్లాలోనే పలకల పని ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ కొండను చూసినంతగా చూడరు. 2022లో జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట, శ్రీహరికోట, పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అంటే ఒక ఖండం చిరిగిన అంచు మన జిల్లాకు వచ్చింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి దాకా అక్కడ సముద్రం లేదు; మన తూర్పు తీరానికి అంటార్కిటికా అంటుకుని ఉండేది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఉన్న ఆ మహాఖండానికి గోండుల నేల పేరు మీద గోండ్వానా అని పేరొచ్చింది. తూర్పు కనుమల రాళ్లకు జోడీలు నేటికీ తూర్పు అంటార్కిటికాలో దొరుకుతాయి. 1912లో ఆల్‌ఫ్రెడ్ వెగనర్ ఖండాలు కదిలాయని చెప్పినప్పుడు, కదిలించే బలమేదో చెప్పలేకపోయాడని పెద్దలు కొట్టిపారేశారు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. సముద్రపు అడుగు నడిమి నుంచి పక్కలకు విస్తరిస్తోందని 1960ల్లో రుజువయ్యాక గాని ఆ మాటకు విలువ రాలేదు.

విడిపోయిన మన పలక ఉత్తరానికి పరుగెత్తింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా కదిలి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను తాకి, వేగం తగ్గించుకుంది. ఎవరెస్టు శిఖరం మీది సున్నపురాయిలో సముద్ర జీవుల శిలాజాలు దొరకడం ఆ తాకిడి ఫలితమే. ఇప్పుడు మనం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా పోతున్నాం. బెంగళూరులో పెట్టిన జీపీఎస్ రిసీవరు ఏళ్ల తరబడి దీన్ని కొలుస్తోంది. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఆ నాటి నుంచి ఈ నాటికి లెక్క వేస్తే కొండ, రోడ్డు, అలిపిరి, మా ఇల్లు, అన్నీ కలిసి సుమారు 4 మీటర్లు జరిగాయి, అంటే ఒక ఆర్టీసీ బస్సు వెడల్పు కన్నా ఎక్కువే. అన్నీ ఒకే బండిలో ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"మరి మనకు భూకంపాలు రావా?" అన్నది సహజంగా వచ్చిన తరువాతి ప్రశ్న. పలక అంచుల దగ్గర వచ్చినంత రావు. ఈ పలక అంచే సుమత్రా దగ్గర మరో పలక కిందికి దిగుతూ 2004 డిసెంబరు 26న ఒక్కసారిగా జారితే, 9.1 తీవ్రతతో భూమి కంపించి, ఆ అలలు మన తీరానికీ వచ్చాయి. అయితే హిమాలయాల దగ్గరి ఒత్తిడి పలక నడుమ దాకా పాకుతుంది. అంచుకు అంత దూరంలో ఉన్న లాతూరులో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన భూకంపం అందుకు ఉదాహరణ. మన నేల కదలనిదని ధీమాగా ఇల్లు కట్టుకోవడం కంటే పునాదికి ఇంజనీరు చెప్పినంత ఇనుము వేయించడం నయం.

ఎవరైనా చూడాలనుకుంటే ఘాట్ రోడ్డులో బండి ఆపే ప్రయత్నం చేయకండి, అది ప్రమాదం. బస్సులో కొండ వైపు కిటికీ దగ్గర కూర్చోండి. మొదట గుండ్రటి రాయి కనిపిస్తుంది. ఏదో ఒక మలుపులో అది ఆగిపోయి పొరల రాయి మొదలవుతుంది. తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి ఆ మలుపు వస్తుందేమోనని ముఖం అద్దానికి ఆనించి కూర్చుంది. రెండో మలుపు దగ్గర ముందు సీటు పెద్దాయన తెర లాగేశాడు, ఎండ పడుతోందని.